కిటికీలోంచి కనబడే నది

మా రాబర్ట్‌సన్ ఊళ్ళో బయట భోంచెయ్యాలని ఎవరికి బుద్ధి పుట్టినా, ముందు నిక్లాస్ యాఫ్తా ఇంటి వరండా మెట్లెక్కడం మా వీధిలో రివాజు. పిల్లకి నిశ్చితార్థమైనా, పిల్లాడు పరీక్ష గట్టెక్కినా, కేప్‌టౌన్ నుంచి డబ్బున్న చుట్టం ఊడిపడినా, ఆయన్ని అడక్కుండా ఎవరూ బల్ల బుక్ చేసుకునేవాళ్ళు కాదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం గోక్కుని, కళ్ళు సగం మూసుకుని ఆలోచించేవాడు.

"చేపైతే నది మలుపు దగ్గరి ద్రాక్షతోట హోటలుకి పొండి. గొర్రెమాంసమైతే ద్రీ పేర తోట, ఇంకో మాట లేదు. ఆ కొండ కింద కొత్తగా తెరిచారు చూడు, అక్కడికి మాత్రం వెళ్ళకండి. పళ్ళెం చూస్తే చాటంత, కూడు చూస్తే చిటికెడు."

ఆ తీర్పు ఎన్నడూ తప్పలేదు. తిని వచ్చినవాళ్ళు దారిలో ఎదురైతే టోపీ తీసి మరీ పలకరించేవాళ్ళు. చిత్రమేమిటంటే, తీర్పు చెప్పిన ఆ హోటళ్ళలో ఒక్కదాంట్లో కూడా ఆయన కూర్చుని ముద్ద నోట పెట్టింది లేదు.

నిక్లాస్ మినీబస్సు డ్రైవరు. ద్రాక్షతోటలు చూడ్డానికొచ్చే జనాన్ని పొద్దున్నే ఎక్కించుకుని, లోయంతా తిప్పి, ఒక తోటలో వైను రుచి చూపించి, ఇంకో తోటలో భోజనానికి దింపి, సాయంత్రానికి మళ్ళీ చేర్చడం ఆయన పని. వాళ్ళు లోపల తీరిగ్గా రెండు మూడు గంటలు తింటారు. డ్రైవరు బయట ఉంటాడు. ప్రతి తోటలోనూ బళ్ళు నిలిపే చోట ఓ చెట్టుంటుంది, అది డ్రైవర్ల చెట్టు. ద్రీ పేరలో అది ముసలి జామాయిల్ చెట్టు. దాని కింద ఓ బల్లపరుపు రాయి, ఇన్నేళ్ళ డ్రైవర్ల ప్యాంట్ల రాపిడికి నున్నగా తేలిపోయింది. నిక్లాస్ ఆ రాయి మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న నీలం రేకు డబ్బా మూత తీసేవాడు.

మరి రుచుల సంగతి ఎలా తెలిసేదంటే, బస్సు అద్దంలోంచి. తిరుగు ప్రయాణంలో జనం నోళ్ళు తెరుచుకుని నిద్రపోయారంటే అక్కడ వంట బ్రహ్మాండం. బిల్లు గురించి మాట్లాడుకున్నారంటే అంతంతమాత్రం. పెట్రోలు బంకు దగ్గర ఆపు, చిప్స్ కొనుక్కుంటాం అన్నారంటే ఆ హోటలు పేరు ఇక మర్చిపోవచ్చు. తక్కినదంతా వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. మాంసం ఎముక మీంచి ఎలా జారిందో, పులుసులో ఆప్రికాట్ ముక్కలు ఎలా కరిగాయో, ఏ వైను ఏ ముద్దకి కలిసిందో, నిక్లాస్ స్టీరింగు పట్టుకుని ఒక్క మాట కింద పడనిచ్చేవాడు కాదు.

ఇంతవరకూ తప్పేం లేదు. తప్పు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే జరిగింది.

అంతకు ముందు ఆయన పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీలో పెట్టెలు మోసేవాడు. డ్రైవరు పని దొరికిన ఆ తొలి సాయంత్రం ఇల్లు చేరేసరికి, భార్య హెస్టర్ కుట్టుమిషను పక్కకి నెట్టేసి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని ఎదురు చూస్తోంది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టీ కుట్టీ ఆమె పాదాలు వాచిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి.

"ఏం పెట్టారు నీకక్కడ? చెప్పు, మొదట్నుంచీ చెప్పు," అంది.

చెట్టు కింద ఈగలు తోలుకున్నానని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. "గొర్రెమాంసం" అనేశాడు. ఆ ఒక్క మాటకి ఆమె మొహం విచ్చుకున్న తీరు చూశాక ఇక ఆగలేకపోయాడు. ఆప్రికాట్ పులుసన్నాడు. కిటికీ పక్కన బల్లన్నాడు. కిటికీలోంచి బ్రేడె నది నిగనిగలాడుతూ కనబడుతుందన్నాడు. నది కనబడేది ఇంకో తోటలోంచని, బస్సులో విన్న కబుర్లలో రెండు తోటలూ కలిసిపోయాయని అప్పటికి ఆయనకీ తెలీదు.

"డ్రైవరుక్కూడా వాళ్ళతో సమానంగా బల్లా?" అందామె.

"మరి? నేను లేకపోతే వాళ్ళక్కడికి చేరేదెలా?"

అలా మొదలైంది. రోజూ సాయంత్రం కాఫీ కలిపి తెచ్చి, "ఇవాళెక్కడ?" అనేది హెస్టర్. ఆయన అందుకునేవాడు. పక్కింటి లెట్టీ కూడా తన కప్పు పట్టుకుని కంచె దగ్గరికొచ్చి నిలబడేది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నిక్లాస్‌ది అతకడమే కాదు, దానికి ఇస్త్రీ కూడా చేసినట్టుండేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆయన కిటికీ పక్క బల్ల మీద తెల్లగుడ్డ పడింది, గులాబీ వచ్చి చేరింది, నదిలో కొంగ దిగింది. కథ చెప్పిన రాత్రి పరువు నిలబెట్టుకోవడానికి, "నాకు కడుపు నిండుగా ఉందే" అని సగం ప్లేటుతో లేచేవాడు. తర్వాత ఆకలికి తాళలేక వంటింట్లోకి వెళ్తే, పొయ్యి పక్కన గుడ్డ కప్పి ఓ రొట్టె ముక్క ఎప్పుడూ ఉండేది. దాన్ని గుట్టుగా నిలబడి తినేసేవాడు.

ఇక్కడ మా వాళ్ళ పట్టింపొకటి చెప్పాలి. ఊరి పొలిమేర దాటే మనిషి దారిబత్తెం లేకుండా కదలడు. ఉడికిన గుడ్లు, వెన్న రాసిన రొట్టె, కైమా ఉండలు చేసి వేయించిన ఫ్రికడెల్స్, ఇవన్నీ డబ్బాలో సర్ది చేతికిస్తారు. ఆ డబ్బా ఖాళీ అయ్యే ఇంటికి రావాలి. తినకుండా తెస్తే కట్టిచ్చినామె మొహాన కొట్టినట్టే లెక్క. ఈ పాపానికే హెస్టర్ తల్లి పెద్దల్లుడితో ఏడాది పాటు మాట్లాడలేదు. నిక్లాస్ మర్యాద తెలిసిన మనిషి. ఒక్కనాడూ డబ్బా మిగిల్చి తెచ్చి ఎరగడు, గుడ్డు పొడి కూడా వేలికి అద్దుకుని తినేవాడు.

ఇలా ఇరవయ్యేళ్ళు సాగాక, హెస్టర్‌కి అరవై నిండే ఫిబ్రవరి వచ్చింది. ద్రాక్ష కోతల రోజులు. ఊళ్ళో ఏ సందులో నిలబడినా పులుస్తున్న ద్రాక్షరసం వాసన, ఏ రోడ్డు మీద చూసినా పళ్ళ బళ్ళు లాగే ట్రాక్టర్లు.

"వదినా, అరవై అంటే మాటలా? చర్చి హాల్లో టీ, కేకుతో సరిపెట్టేస్తావా ఏంటి?" అని కంచె మీదినుంచి అడిగింది లెట్టీ.

"దేనికి? ఈయన నన్ను ద్రీ పేరకి తీసుకెళ్తున్నాడు. కిటికీ పక్క బల్ల," అంది హెస్టర్, సూదిలో దారం ఎక్కిస్తూనే.

నిక్లాస్‌కి కాఫీ పొలమారింది. దగ్గు తగ్గాక, "కోతల రోజులే హెస్టర్, కాలు పెట్టే చోటుండదు," అన్నాడు.

"నీకుండకపోవడమేంటయ్యా? ఇరవయ్యేళ్ళుగా తింటున్నవాడివి. అక్కడ కుక్కపిల్ల కూడా నిన్ను గుర్తుపడుతుందన్నావు కదా."

"తీసుకెళ్ళు అన్నయ్యా," అంది లెట్టీ. "నదిని చూసొచ్చి నాకూ చెప్తుంది."

ఆ రోజు నుంచీ నిక్లాస్‌కి అన్నం సయించలేదు. ఇద్దరి భోజనానికి పెట్టే డబ్బు గురించి కాదు ఆయన బెంగ, దానికి ఎప్పట్నుంచో దాచిందుంది. గుట్టు బయటపడితే హెస్టర్ తిడుతుందని కూడా కాదు. తిట్లు ఆయనకి కొత్త కాదు. ఇక మీదట సాయంత్రం కాఫీ తెచ్చి ఆ కళ్ళతో "ఇవాళెక్కడ?" అని అడగదు. తను చెప్పిన కథలన్నీ ఒక్క పూటలో చిల్లిగవ్వకి కొరగాకుండా పోతాయి. జీవితంలో తను బాగా చేసిన పని అదొక్కటే అని ఆయన లోపల్లోపల నమ్మేవాడు. ఇప్పుడా నమ్మకమూ పోయేలా ఉంది.

కుడితిలో పడ్డ ఎలుక ఊరికే మునగదు కదా, కాళ్ళు కొట్టుకుంటుంది. నిక్లాస్ మర్నాడు జనాన్ని ద్రీ పేరలో దింపి, చెట్టు కిందికి పోకుండా తిన్నగా గేటు కాపలా ఫ్లోర్స్ దగ్గరికెళ్ళాడు. ఇద్దరూ ఒకప్పుడు ఫ్యాక్టరీలో కలిసి పెట్టెలు మోసినవాళ్ళే.

"ఒరేయ్ ఫ్లోర్స్, శనివారం వస్తాను. నన్ను చెట్టు వైపు పంపకు."

"మరెటు పంపను?"

"లోపలికి."

ఫ్లోర్స్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరైనా పోయార్రా?"

నిక్లాస్ కథంతా చెప్పాడు. ఫ్లోర్స్ నవ్విన నవ్వుకి నోట్లో ఈల జారి మెడతాడుకి వేలాడింది. "ఇరవయ్యేళ్ళు పెళ్ళాన్ని మోసం చేశావు, అదీ గొర్రెమాంసంతో. మగాళ్ళు మోసం మరోలా చేస్తారని విన్నాన్రా నేను."

"నవ్వు, నవ్వు. నా కొంప మునుగుతుంటే నీకు వినోదంగా ఉంది."

"మునగనిస్తానా? సెల్యూట్ కొడతాను చూడు, మంత్రికి కూడా కొట్టనంత."

తర్వాత వడ్డించే పిల్ల రోజెల్‌ని పట్టుకున్నాడు. ఆ అమ్మాయి అప్పుడప్పుడూ డ్రైవర్లకి మంచినీళ్ళు తెచ్చిచ్చేది. సంగతి విని ఆమె నవ్వలేదు, పైగా ముచ్చటపడింది.

"మీరేం కంగారు పడకండి బాబాయ్. మీరు రాగానే 'ఎప్పటి బల్లేనా?' అని అడుగుతాను. మీరు మాట్లాడొద్దు, ఊరికే తలూపండి. రోజూ తినేవాళ్ళు అలాగే ఊపుతారు, కొంచెం విసుగ్గా."

నిక్లాస్ వారం పాటు గడ్డం గీసుకునే అద్దం ముందు తలూపడం సాధన చేశాడు. మొదట్లో మరీ వినయంగా వచ్చేది. శుక్రవారానికి విసుగు కుదిరింది.

శనివారం వచ్చింది. కంపెనీ ఓనరమ్మ పుట్టినరోజని విని మినీబస్సే ఇచ్చేసింది, పెట్రోలు పోయించుకో చాలంది. హెస్టర్ ఆకుపచ్చ సిల్కు గౌను తనే కుట్టుకుంది. ఈస్టరుకి తప్ప బయటికి తియ్యని టోపీ పెట్టుకుంది. ఆమె గుమ్మం దిగుతుంటే వీధి వీధంతా చేస్తున్న పనాపి చూసింది. నిక్లాస్ బస్సు తలుపు తీసి, దొరసానులకి చేసినట్టే చెయ్యి అందించాడు. ఆమె ముందు సీట్లో కూర్చుని, ఒళ్ళో నీలం డబ్బా పెట్టుకుంది.

"అదెందుకే?" అన్నాడాయన.

"దారిబత్తెం."

"హోటలుకెళ్తూ డబ్బా ఏంటి, నవ్విపోతారు."

"నువ్వు రోజూ డబ్బా పట్టుకునే కదా హోటలుకెళ్తావు. నిన్నెవరూ నవ్వలేదుగా?"

నిక్లాస్ బండి స్టార్ట్ చేశాడు.

ఊరి చివరి ఇల్లు దాటగానే గుడ్డు వొలిచి ఆయనకో సగం అందించింది. "కొంచెమే తిను. గొర్రెమాంసానికి చోటుంచు, నీకది వందోసారైనా." అని కిటికీ అద్దం దించింది. ఆమె సంబరం అంతా ఇంతా కాదు. ఇన్నేళ్ళూ చెవుల్తో తిరిగిన లోయని ఇప్పుడు కళ్ళతో తిరుగుతోంది. ప్రతి తోట బోర్డూ పైకి చదివింది. "ఇదేనా చేపల తోట? ఇదేనా ఆ జర్మనీ ఆయన కుర్చీలోంచి పడ్డది? ఇక్కడే కదా పుడ్డింగు మీద నిప్పంటించారు?" ఆయనే మర్చిపోయిన కథలు ఆమెకి వంటకంతో సహా గుర్తున్నాయి. వరసల మధ్య బుట్టలు మోస్తున్న కోతవాళ్ళకి చెయ్యూపింది. వాళ్ళూ ద్రాక్షరసంతో పండిన చేతులెత్తి ఊపారు, ఒకడు ఈల కూడా వేశాడు. "అరవయ్యేళ్ళకి ఈల వేయించుకున్నాను, రాసిపెట్టుకో," అంది మొగుడితో. ఆమె సంతోషం చూసి నిక్లాస్ మనసు ఎగిరి గంతేసింది, వెంటనే ద్రీ పేర గుర్తొచ్చి కూలబడింది.

దారిలో ఓ తోట దగ్గర వైను రుచి చూడ్డానికి ఆపాడు. అక్కడి అమ్మాయి గ్లాసులో రెండు గుక్కల తియ్యటి మస్కడెల్ పోసి, పక్కన ఓ రాగి పాత్ర పెట్టింది. ముందున్న పెద్దమనిషి వైను పుక్కిలించి ఆ పాత్రలో ఉమ్మాడు. హెస్టర్ ఆయన వంక జాలిగా చూసింది.

"పాపం, పన్ను నొప్పేమో," అంది.

"కాదే, రుచి చూసి ఉమ్మేస్తారు. అదో పద్ధతి."

"పద్ధతా? ఈ ఎండలో జనం నడుములు విరిగేలా కోసి, తొక్కి, దాచి ఇస్తే ఉమ్మేస్తారా?" తన గ్లాసు ఆఖరి చుక్క వరకూ తాగి, బోర్లించి చూపించింది. పోసే అమ్మాయి నవ్వు ఆపుకోలేక ఇంకో రెండు గుక్కలు పోసింది. బస్సెక్కేటప్పటికి హెస్టర్ టోపీ కొంచెం పక్కకి ఒరిగి ఉంది.

ద్రీ పేర గేటు కనబడింది. ద్రీ పేర అంటే మూడు బేరి పళ్ళని అర్థం; ఆ పేరుకి తగ్గట్టు మూడు బేరి చెట్లు, వాటి పక్కన ఫ్లోర్స్. బస్సుని చూడగానే ఫ్లోర్స్ మడమలు టప్పున కలిపి సెల్యూట్ కొట్టాడు. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా, కుడిచెయ్యి సెల్యూట్‌లో ఉండగానే ఎడంచెయ్యి దానంతటదే జామాయిల్ చెట్టు వైపు చూపించింది. వెంటనే నాలిక్కరుచుకుని ఆ చేత్తో ఈగని తోలినట్టు నటించాడు.

"మంచి మర్యాదస్తుడు," అంది హెస్టర్.

లోపల రోజెల్ లేదు. ఆమె కోసం వెతికిన నిక్లాస్ కళ్ళకి, తెల్ల చొక్కాలో నిటారుగా నిలబడ్డ ఓ కుర్రాడు కనిపించాడు. ఎక్కడా చూసిన మొహం కాదు. కోతలు చూడ్డానికొచ్చిన జనాన్ని ట్రాక్టరు మీద తోటలో తిప్పడానికి రోజెల్‌ని పంపారట. ఈ కుర్రాడు కేప్‌టౌన్ నుంచి ఈ వారమే వచ్చాడు.

"నమస్కారం సార్, నమస్కారం అమ్మా. ఇంతకు ముందెప్పుడైనా మా దగ్గర భోంచేశారా?"

వారమంతా నేర్చుకున్న తలూపుడు ఈ ప్రశ్నకి పనికిరాదు. ఊపితే అబద్ధం, ఊపకపోతే నిజం. రెండూ ముంచేవే.

"ఈయన చాలాసార్లు వచ్చాడు బాబూ," అంది హెస్టర్. "నేను ఇదే మొదలు. కిటికీ పక్కన బల్ల మాది."

రోజెల్ ముందే రాసిపెట్టిన బల్ల దగ్గరికి కుర్రాడు తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. తెల్లగుడ్డ ఉంది. గులాబీ కాదు గానీ, ఓ ద్రాక్షతీగ ముక్క గ్లాసులో ఉంది. హెస్టర్ గౌను సర్దుకుని, టోపీ సరిచేసుకుని, డబ్బా కుర్చీ కింద పెట్టి, ఇన్నేళ్ళు దాచుకున్న కోరికతో కిటికీ వైపు తిరిగింది.

నది లేదు. నదీ లేదు, కొంగా లేదు. కిటికీ నిండా ఉన్నది బళ్ళు నిలిపే చోటు. ఎండలో మెరుస్తున్న బస్సుల వరస. వాటి వెనక ముసలి జామాయిల్ చెట్టు, దాని కింద నున్నటి రాయి. ఆ రాయి మీద ఎవరో కుర్ర డ్రైవరు మోకాళ్ళ మీద డబ్బా పెట్టుకుని, ఈగలు తోలుకుంటూ రొట్టె తింటున్నాడు.

నిక్లాస్ బల్లగుడ్డ అంచు చూస్తూ కూర్చున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి. నది ఈ మధ్య పక్కకి మళ్ళిందనాలా, బల్ల మార్చారనాలా, నోటి దాకా వచ్చినవన్నీ అక్కడే ఆగిపోయాయి. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి ఆయన దగ్గర కథ లేదు. సిగ్గుతో తల దించుకున్నాడు.

హెస్టర్ కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఆ రాయేనా నీది?" అంది.

నిక్లాస్ తలెత్తాడు. ఆమె మొహంలో కోపం లేదు. కిటికీలోంచి కళ్ళు తిప్పకుండా, చర్చిలో ఎవరినో ఆనవాలు పడుతున్నట్టు చూస్తోంది.

"హెస్టర్, నేను..."

"గొంతు తగ్గించు, ఆ కుర్రాడు వింటాడు. నాకు మొదటి వారంలోనే తెలుసు."

"ఎలా?"

"ఎలా ఏంటి? డబ్బా," అంది కుర్చీ కిందకి చూపిస్తూ. "కడుపు నిండా గొర్రెమాంసం తిన్నవాడు నా నాలుగు ఫ్రికడెల్స్ కూడా తింటాడా? పోనీ ఒక రోజు తిన్నావనుకో, మర్యాదకి. రోజూ తింటావా? ఒక్క రోజు ఓ గుడ్డు మిగిల్చి తెచ్చుంటే నమ్మేదాన్ని కదయ్యా. అంత శుభ్రంగా ఊడ్చి తెచ్చేవాడివి, డబ్బా కడగాల్సిన పని కూడా ఉండేది కాదు నాకు."

తనెంత జాగ్రత్తగా అద్ది తిన్నాడో ఆ గుడ్డు పొడి ఇప్పుడు గొంతులో అడ్డం పడ్డట్టయింది.

"ఆ పొయ్యి పక్కన రొట్టె..."

"ఎలకల కోసం పెట్టాననుకున్నావా?"

"మరి ఒక్కసారైనా అనలేదేం?"

హెస్టర్ ఇటు తిరిగింది. "అంటే నువ్వు మానేసేవాడివి. పొద్దంతా ఆ మిషను దగ్గర వంగి కూర్చుని, సాయంత్రం అయితే చాలు మా ఆయన నన్ను భోజనానికి తీసుకెళ్తాడని లేచేదాన్ని. మొదటి వారం మాత్రం కోపం వచ్చింది, దాచను. రెండో వారం నువ్వు ఆ చేప కథ చెప్పావు, నిమ్మకాయ పిండిన చేప. రాత్రంతా నా నోట్లో ఆ పులుపు పోలేదు. ఎవడి మొగుడు తీసుకెళ్తాడు అన్ని చోట్లకి? లెట్టీ మొగుడు ఆవిణ్ణి రేషను కొట్టు దాకా కూడా తీసుకెళ్ళలేదు."

"మరి ఇవాళ ఇక్కడికి ఎందుకు రావాలనుకున్నావు?"

"నువ్వు పాపం ఇన్నేళ్ళు ఆ వాసన చూస్తూ బయట కూర్చున్నావు. ఒక్కసారైనా లోపల కూర్చుని తినొద్దూ? నా పుట్టినరోజని అంటే గానీ నువ్వు కదలవు."

నిక్లాస్ జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు, కళ్ళు కూడా అదే ఊపులో తుడుచుకున్నాడు. వారం రోజులుగా గుండె మీదున్న బండ దిగిపోయి, ఆయనకి ఒక్కసారిగా విపరీతమైన ఆకలి వేసింది.

గొర్రెమాంసం వచ్చింది. మట్టి గిన్నెలో పొగలు కక్కుతూ, మీద ఆప్రికాట్ ముక్కలు కరిగి మెరుస్తూ, గరిటె తగలగానే ఎముక విడిపోతూ వచ్చింది. అన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. తన కథ తన కళ్ళ ముందుకి గిన్నెలో వచ్చి కూర్చున్నట్టుగా ఆయన దానికేసి చూశాడు.

"ముందు నువ్వు," అంది హెస్టర్.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఈసారి తీర్పు చెప్పడానికి కాదు.

"ఎలా ఉంది?"

"నేను తక్కువ చెప్పాను," అన్నాడు నిక్లాస్.

హెస్టర్ కూడా తిని, నాలుక చప్పరించి, కాసేపు ఆలోచించింది. "బావుంది. చాలా బావుంది. ఉప్పు మాత్రం నువ్వు చెప్పినదాంట్లోనే సరిగ్గా ఉండేది."

ఇద్దరూ పక్క బల్లలవాళ్ళు తిరిగి చూసేలా నవ్వారు. రెండు గ్లాసుల వైను తాగారు, తీపి కూడా తెప్పించారు. ఎంత తిన్నా గిన్నెలో సగం మిగిలింది. కుర్రాడు దాన్ని రేకు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

బయటికి రాగానే హెస్టర్ బస్సు వైపు వెళ్ళలేదు. పట్టు గౌనుతో, టోపీతో తిన్నగా జామాయిల్ చెట్టు కిందికి నడిచింది. కుర్ర డ్రైవరు గాభరాగా లేచి నిలబడ్డాడు. ఆమె రాయి మీద కూర్చుని, అటూ ఇటూ జరిగి చూసి, "చల్లగానే ఉంది," అంది నిక్లాస్‌తో. తర్వాత డబ్బా మూత తీసి డ్రైవరు ముందు పెట్టింది.

"పట్టు బాబూ. డబ్బా ఖాళీ అవ్వాలి, మా ఇంటి ఆచారం."

వాడు మొహమాటపడుతూనే ఫ్రికడెల్స్ అన్నీ తినేశాడు. ఖాళీ డబ్బాలో హెస్టర్ రేకు కాగితం పొట్లం సర్ది మూత పెట్టింది. పెళ్ళయినప్పట్నుంచీ ఆ డబ్బా నిండుగా ఇంటికి ప్రయాణమవడం అదే మొదలు. గేటు దగ్గర ఫ్లోర్స్ మళ్ళీ సెల్యూట్ కొట్టబోతే, "చెయ్యి దించు నాయనా, నాకన్నీ తెలుసు," అందామె. పాపం, ఏ చెయ్యి దించాలో వాడికి తెలీలేదు.

ఇల్లు చేరేసరికి లెట్టీ కంచె దగ్గర సిద్ధంగా ఉంది. ఇంకో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళని కూడా పోగేసింది. హెస్టర్ బస్సు దిగి, డబ్బా చంకన పెట్టుకుని, ఆకుపచ్చ గౌను దులుపుకుంది.

"చెప్పు వదినా, మొదట్నుంచీ చెప్పు," అంది లెట్టీ. "కిటికీలోంచి నది కనబడిందా?"

తాళం తీస్తున్న నిక్లాస్ చెయ్యి ఆగిపోయింది.

"కనబడ్డమా?" అంది హెస్టర్. "మన కాళ్ళ కిందే పారుతున్నట్టుంది. గట్టున కొంగ. మేం చూస్తుండగానే ఇంత పొడుగు చేపని నోట కరుచుకుని లేచింది." తాపీగా టోపీ పిన్ను ఊడదీసి మొగుడి వైపు తిరిగింది. "కదయ్యా?"

నిక్లాస్ ఊరికే తలూపాడు. రోజూ అక్కడ తినేవాడిలా, కొంచెం విసుగ్గా.